జ్ఞానదంతం: మాత్రలతో ఎన్నాళ్లు నెట్టుకొస్తారు?

అందరికీ నమస్కారం. ములుగు, జనగామ, భూపాలపల్లి వైపు నుంచి హనుమకొండకు వచ్చి హాస్టళ్లలో ఉంటూ చదువుకునే పిల్లలు ఈ హాలులో చాలామంది ఉన్నారు. నా మాటలు ముఖ్యంగా మీకే. జ్ఞానదంతాలు సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తాయి. అంటే మీరు ఇంటికి దూరంగా, పరీక్షల ఒత్తిడిలో ఉండే వయసులోనే. పన్ను సలపగానే మందుల దుకాణానికి వెళ్లి నాలుగు మాత్రలు తెచ్చుకుంటారు. ఆ అలవాటు గురించే నా బాధ.

ఈ పళ్లు దవడల చిట్టచివర, పైన రెండు, కింద రెండు ఉంటాయి. కొందరికి ఒకటో రెండో అసలు రావు, అది లోపం కాదు. అన్నిటికన్నా ఆలస్యంగా వస్తాయి కనుక, కిక్కిరిసిన బస్సులో చివరగా ఎక్కిన మనిషిలా చోటు చాలక ఒరిగిపోతాయి. కొన్ని ఎముకలోనే ఉండిపోతాయి. ఎక్కువగా ఏడిపించేవి సగం బయటికి వచ్చి ఆగిపోయినవి.

అలాంటి పన్నును కొంతమేర చిగురు పొర కప్పి ఉంటుంది. మధ్యాహ్నం తిన్న అన్నం మెతుకో, పల్లీ ముక్కో దాని కిందికి చేరితే బ్రష్ అందదు. చీము పడుతుంది, చిగురు వాస్తుంది. వాచిన చిగురు మీదే పై పన్ను నొక్కుతుంది, వాపు ఇంకా పెరుగుతుంది. చెవి దాకా పోటు, నోటి దుర్వాసన, గుటక వేస్తే నొప్పి. జొన్నరొట్టె ముక్క పెట్టుకుందామన్నా నోరు తెరుచుకోదు. మాత్రలతో నాలుగు రోజుల్లో తగ్గుతుంది, నిజమే. కానీ ఆ పొరా, ఆ ఇరుకూ అక్కడే ఉన్నాయి కదా! నొప్పి తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు.

కొందరు ఆస్పిరిన్ మాత్రను చిగురు మీదే అదిమి పెట్టుకుంటారు. అది కండను కాల్చి పుండు చేస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలించండి.

మరి తీయించాల్సింది ఎప్పుడు? వాపు మళ్లీ మళ్లీ వస్తున్నప్పుడు, బాగుచేయలేనంతగా పన్ను పుచ్చినప్పుడు, పన్ను చుట్టూ నీటితిత్తి ఏర్పడినప్పుడు. ఒరిగిన పన్ను తన ముందున్న మంచి దవడ పన్నును నొప్పి తెలియకుండానే పుచ్చిపోయేలా చేయగలదు. అందుకే దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే అవసరం. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం పంటి వేళ్లకు ఎంత దగ్గరగా ఉందో కూడా అందులోనే అంచనా వేస్తాం. తీయించుకునే ముందు ఆ సంగతి మీరే అడగండి, అది మీ హక్కు.

నిటారుగా వచ్చి, శుభ్రంగా ఉండి, బ్రష్ అందే పన్నును ఊరికే తీయించవద్దు. ముందు పళ్లు వంకర పోతాయన్న భయంతో తీయించడానికి గట్టి ఆధారం లేదు. జబ్బు లేని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్తగా తీయవద్దని బ్రిటన్‌లో 2000లోనే మార్గదర్శకాలు ఇచ్చారు.

తీయించుకున్న రోజు పుక్కిలించకండి, గట్టిగా ఉమ్మకండి, పొగ తాగకండి. గాయంలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే ఎముక బయటపడి, మూడో రోజుకు నొప్పి విపరీతమవుతుంది. అప్పుడు మాత్రలు పెంచకుండా డాక్టరు దగ్గరికి తిరిగి రండి.

తీయించుకున్నా, తీయించుకోకున్నా ఒకటి గుర్తుంచుకోండి. వాపు దవడ కిందికి, మెడలోకి దిగుతూ మింగడం కష్టమైతే, ఊపిరి అందకపోతే, తెల్లవారే దాకా ఆగకండి. తోటి విద్యార్థిని లేపి వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.