మధ్యలో దూరిన గొంతు

శ్రోతలందరికీ నమస్కారం.

నా మొదటి నవల రాతప్రతిని విజయవాడలో ఉండే ఒక ఎడిటర్‌గారికి పంపాను. 380 పేజీలు. మూడు వారాల తర్వాత ఆవిడ ఫోన్ చేశారు. బాగుందనో బాగాలేదనో అంటారనుకుంటే, "మీరు ఏం ఉద్యోగం చేసేవారండీ?" అని అడిగారు. బెంగళూరులో ఒక కంపెనీలో సప్లై చైన్, అంటే సరుకు చేరవేత పనులు చూసేదాన్నని, చివరి ఆరేళ్లు వైస్ ప్రెసిడెంట్‌నని చెప్పాను. "అదీ సంగతి. మీ నవల్లో ఎవరూ మాట్లాడుకోవడం లేదండీ. అందరూ ఒకరికొకరు రిపోర్టులు ఇచ్చుకుంటున్నారు" అన్నారు.

ఉక్రోషంగానే ఫోన్ పెట్టేసి, ఏదో ఒక పేజీ తీశాను. కథ పావగడ దగ్గర ఒక పల్లెలో మొదలవుతుంది. వానల్లేక, బోర్లు ఎండిపోయి, పొలం అమ్ముకుని బెంగళూరు చేరే కుటుంబం. నేను తీసిన పేజీలో అత్తగారు కోడలితో అంటోంది: "ఇప్పుడున్న పరిస్థితుల్లో పొలం అమ్మడమే మనకు సరైన నిర్ణయమనిపిస్తోంది." ఆమెకు డెబ్బై ఏళ్లు. బడి మొహం చూడలేదు. ఒళ్లో చేట పెట్టుకుని బియ్యంలో రాళ్లేరుతోంది. రాళ్లేరుతూ ఎవరైనా అలా మాట్లాడతారా? పైగా ఆ వాక్యం కింద, ఎందుకు సరైన నిర్ణయమో ఆమె చేత మూడు పాయింట్లు కూడా చెప్పించాను.

ఇది ఒక్కరోజులో పట్టిన జబ్బు కాదు. 24 ఏళ్లు ఆఫీసు ఇంగ్లీషులో బతికాను. ఆ ఇంగ్లీషులో పని జరుగుతుంది కానీ, చేసినవాడు కనబడడు. హోసూరు దగ్గర మా లారీ రెండు రోజులు నిలిచిపోయిందనుకోండి. డ్రైవరుకు జ్వరమొచ్చి ఢాబాలో మంచం మీద పడుకున్నాడు. మెయిల్లో మాత్రం "సరుకు చేరవేతలో జాప్యం గమనించడమైనది" అన్న ధోరణిలో ఒక ముక్క ఉంటుంది. గమనించిందెవరో కూడా ఉండదు. నవలకు కావలసింది ఆ జ్వరం, ఆ మంచం. నేను రాస్తున్నది జాప్యం.

ఇంకో అలవాటు కూడా ఉంది. పైవాళ్లకు టైముండదు కాబట్టి సారాంశం మొదటి స్లయిడ్‌లోనే పెట్టాలి. నా నవల్లో కూడా చివరికి ఎవరు పోతారో మొదటి పేజీలోనే చెప్పేశాను. సస్పెన్స్ అంటే ప్రజెంటేషన్ చేతకాకపోవడమని అన్నేళ్లూ నమ్మిన మనిషిని మరి.

ఉద్యోగం వదిలి రచయిత్రినయ్యానని ఎవరైనా నన్ను ధైర్యవంతురాలంటే నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఫ్లాటు లోను తీరిపోయింది, పీఎఫ్ ఉంది, మా ఆయన జీతం వస్తోంది. అది ధైర్యమెలా అవుతుంది? ఈ బెంగళూరులోనే గవిపురంలో మాస్తి వెంకటేశ అయ్యంగార్ గారుండేవారు. మైసూరు సంస్థానంలో పెద్ద అధికారి. ఇంట్లో తమిళం, రాసింది కన్నడం. ఉద్యోగంలో ఉంటూనే కథలు రాశారు. తన తర్వాత వచ్చినవాడికి పై పదవి ఇచ్చారని 1943లో రాజీనామా చేశారు, రాత మాత్రం ఆపలేదు. ఆ తర్వాత రాసిన ఒక చారిత్రక నవలే ఆయనకు జ్ఞానపీఠం తెచ్చింది, 1983లో. అప్పటికి తొంభైయేళ్లు దాటాయి ఆయనకు. ఆయన ముందు మన రాజీనామా కథలు చెప్పుకోకూడదు.

సరే, ఇప్పుడు నేను చేసే పాడ్‌కాస్ట్ సంగతికొస్తాను. ఫోన్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు వినే మాటల కార్యక్రమం అది. నిజానికి దాన్ని పాడ్‌కాస్ట్ అనుకుని మొదలుపెట్టలేదు. మనుషులు ఎలా మాట్లాడతారో నేను మర్చిపోయాను కాబట్టి రికార్డు చేసుకుని వినాలనుకున్నాను, అంతే. పొలాలు వదిలి బెంగళూరు వచ్చిన తెలుగువాళ్లని కూచోబెట్టి మాట్లాడిద్దామనుకున్నాను. వాళ్లకేం కొదవ? పావగడ, బాగేపల్లి, ములబాగిలు, హిందూపురం, మదనపల్లె, అన్ని వైపుల నుంచీ వస్తూనే ఉంటారు. రికార్డు చేసినవి ఊరికే ఫోన్లో పడి ఉండటమెందుకు, నలుగురికీ వినిపించమని మా అబ్బాయి అన్నాడు.

పాడ్‌కాస్ట్ అనే మాట పుట్టింది 2004లో. ఐపాడ్‌ని, బ్రాడ్‌కాస్ట్‌ని కలిపి ఒక ఇంగ్లీషు విలేకరి చేసిన మాట. మాట కొత్తదే కానీ, ఇంట్లోంచి లోకంతో మాట్లాడటం మన పక్క ఊళ్లో ఎప్పుడో జరిగింది. మైసూరు మహారాజా కాలేజీలో ఎం.వి. గోపాలస్వామి అనే మనస్తత్వ శాస్త్రం ప్రొఫెసర్ ఉండేవారు. 1935లో 30 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో సొంత ఇంట్లోనే రేడియో స్టేషన్ పెట్టేశారు. దాని పేరు ఆకాశవాణి. తర్వాత దేశమంతటి రేడియోకీ అదే పేరయింది. 30 వాట్లంటే ఎంతండీ? మా గదిలో ఫ్యానుకి కూడా చాలదు.

నా స్టేషన్ మా పడగ్గదిలో బట్టల బీరువా. తలుపులు రెండూ తెరిచి, చీరల వైపు మొహం పెట్టి మాట్లాడితే గొంతు గదిలో మార్మోగదు. పట్టుచీరల కంటే కాటన్ చీరలే మంచివని నా అనుభవం. వాటర్ ట్యాంకర్ వచ్చే టైము, పక్కింటి కుక్కర్ కూసే టైము, మోటారు వేసే టైము చూసుకోవాలి. మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు వరకే మా వీధి కాస్త నోరు మూసుకుంటుంది. ఇక మన మహాప్రాణాలు! మైకు నోటికి ఎదురుగా ఉందా, "భూమి" అంటే చాలు, భళ్లున పేలుతుంది. మైకును కాస్త పక్కకు జరిపి, పెదాల మీదుగా గాలి దాటిపోయేలా పెట్టుకోవాలని తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మొదటి ఎపిసోడ్‌కి కె.ఆర్. మార్కెట్లో పూలమ్మే ఒక అక్క దగ్గరికి వెళ్లాను. పేరు చెప్పను, ఆమెకిష్టం లేదు. హిందూపురం అవతల పల్లె. తెల్లారకముందే వచ్చి కూచుంటుంది. కన్నడంవాళ్లొస్తే "మొళ" అంటుంది, తమిళులొస్తే "ముళం", మనవాళ్లొస్తే "మూర". కొలిచేది మాత్రం అదే మోచెయ్యి. బేరం తగ్గాక, పదకొండింటికి, గోనెపట్టాల మీద కూచుని మాట్లాడుకున్నాం. 41 నిమిషాలు. బ్రహ్మాండంగా వచ్చిందనుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాడు ఎడిటింగ్‌కి కూచున్నాను. మీలో చాలామంది చూసి ఉండరు కాబట్టి చెబుతున్నా, కంప్యూటర్ తెర మీద గొంతు ఒక గీతలాగా కనబడుతుంది. మాట దగ్గర ఉబ్బుతుంది, మౌనం దగ్గర సన్నబడుతుంది. ఆమె గీత చిన్నది, నాది పెద్దది. ఒకచోట ఆమె చెబుతోంది: "మూడు బోర్లు ఏస్తిమి మ్మా. మూడో దాంట్లో దుమ్మొచ్చె. ఆ పొద్దు ఆయప్ప అన్నం తినలే." ఆ తర్వాత గీత మీద చిన్న బొడిపె. హెడ్‌ఫోన్లలో గట్టిగా పెట్టి వింటే అది ఊపిరి. ఏదో చెప్పడానికి ఆమె లోపలికి తీసుకున్న ఊపిరి. దాన్ని ఆనుకునే నా గొంతు, గీత పైనుంచి కిందిదాకా నిండిపోయి: "అంటే అక్కా, అప్పుడే పొలం అమ్మేయాలని డిసైడ్ అయ్యారన్నమాట." ఆమె, "ఊఁ" అంది. అంతే.

వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. ఊపిరి, నేను, ఊఁ. మీటింగుల్లో నేను చేసే పనే అది. ఎవరైనా సాగదీస్తుంటే రెండు ముక్కల్లో తేల్చిపారేసి ముందుకు పోనివ్వడం. అందులో గట్టిదాన్నని నాకు పేరు కూడా. మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్లాను. 41 నిమిషాల్లో 23 చోట్ల దూరాను. ఆ 23 సార్లలో ఒక్కసారీ ఆమె నన్ను కాదనలేదు. పూలు కొనడానికొచ్చిన మేడమ్‌ని ఎవరు కాదంటారు? ఆఫీసులో మాత్రం నన్ను కాదన్నవాళ్లెవరున్నారు, అని అప్పుడు అనిపించింది. వేర్‌హౌస్ కుర్రాళ్లు నా గదిలోకొచ్చి ఎన్ని ఊపిరులు మింగేసి వెళ్లారో. వాటికి రికార్డింగ్ లేదు.

తర్వాతి ఎపిసోడ్ నుంచి అడిగాక లోపల ఐదు వరకు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. చాలా కష్టం. నాలుగు దగ్గర నోరు దురద పెడుతుంది. బాగేపల్లి నుంచి వచ్చిన ఒక సెంట్రింగ్ మేస్త్రి అయితే ఒకచోట ఏకంగా పదకొండు సెకన్లు ఆగాడు. ఇక్కడ స్టూడియోలో నేనలా ఆగితే అద్దం వెనకున్న ఇంజనీరుగారు లేచి నిలబడతారు. నాకూ టెన్షనే. ఆగిన తర్వాత ఆయనన్నాడు: "ఎద్దుల్ని అమ్మినప్పుడు ఏడవలా సార్ నేను. పలుపుతాళ్లు ఇంట్లోనే మిగిలిపోయినాయి చూడండి, అప్పుడు." నన్ను సార్ అన్నాడని గమనించారా? పని చెప్పేవాళ్లంతా ఆయనకు సార్లే. అది కూడా ఎడిట్ చెయ్యకుండా ఉంచేశాను.

ఆ పలుపుతాళ్లు విన్నాకే నా నవల జబ్బు నాకు అర్థమైంది. మనుషులు నిర్ణయాలు చెప్పరు. ఆ రోజు సాయంత్రం ఏం జరిగిందో చెబుతారు. నిర్ణయం దాంట్లో ఎక్కడో ఉంటుంది, లేదా ఉండదు. 380 పేజీలూ పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టాను. అత్తగారు ఇప్పుడు పొలం మాటే ఎత్తదు. చేట పక్కన పెట్టి, "ఈ పూటకి నాకు ఒండొద్దు" అంటుంది. కోడలు కాసేపు నిలబడి, కొలిచిన బియ్యంలోంచి గుప్పెడు తీసి మళ్లీ డబ్బాలో పోస్తుంది. అంతే సీను. మొదట్లో నాలుగు పేజీలుండేది, ఇప్పుడు అరపేజీ. మొత్తం నవల 210 పేజీలకు దిగింది. ఎడిటర్‌గారు ఈసారి నా ఉద్యోగం గురించి అడగలేదు.

అచ్చు కథ పెద్దగా చెప్పను. నేను యూనికోడ్‌లో టైపు చేశాను, పేజీలు కూర్చే డీటీపీ వాళ్లు తమ పాత అనూ ఫాంటులోకి మార్చారు, ఆ మార్పిడిలో కొన్ని ఒత్తులు పక్క అక్షరాలకు వలస వెళ్లాయి. మూడు ప్రూఫులు చూసినా రెండు తప్పులు మిగిలాయి, ఒకటి మొదటి పేజీలోనే. 500 కాపీలు వేశాం. దేశమంతా సరుకు పంపిన సప్లై చైన్ మేడమ్‌ని కదా, ఆ 500 నాకొక లెక్కా అనుకున్నాను. ఏడాదికి 280 కదిలాయి. మిగతావి మా దివాన్ కాట్ కింద ఉన్నాయి. చుట్టాలెవరైనా వచ్చి పడుకుంటే, పొద్దున్న వెళ్లేటప్పుడు చేతిలో ఒకటి పెడుతున్నాను.

పుస్తకం వచ్చాక కె.ఆర్. మార్కెట్‌కి వెళ్లాను. అక్కకు చదువు రాదు. అందుకని ఫోన్లో తన ఎపిసోడ్ పెట్టి చెవి దగ్గరకిచ్చాను. దండ కడుతూనే వింది. తన గొంతు విని కాస్త సిగ్గుపడింది. బోర్ల దగ్గరికొచ్చేసరికి కట్టడం ఆపింది. "ఈడ ఏదో చెప్పబోయినా. నువ్వు మాట్లాడితివి" అంది. తప్పుపట్టినట్టు కాదు, ఈడ దారం తెగింది అన్నట్టు అంది.

"ఏం చెప్పబోయావక్కా?"

ఐదు లెక్కపెట్టాను. పది కూడా. ఈలోపు ఎవరో కనకాంబరాలడిగారు. రెండు మూరలు కొలిచి, ఆకులో చుట్టి ఇచ్చి, చిల్లర తీసుకుని, పట్టా కింద పెట్టి, ఇటు తిరిగింది.

"ఏమో మ్మా. ఇప్పుడు గుర్తులేదు. గుర్తొస్తే ఫోన్ చేస్తాలే, నీ నంబరు మావాడి ఫోన్లో ఉండాది."

రెండేళ్లయింది. ఇంకా ఫోన్ రాలేదు.

సెలవు. నమస్కారం.