వెతికేవాళ్లకు మీ రెజ్యూమే దొరుకుతోందా? బెంగళూరు తెలుగువారి ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. రెజ్యూమే చాలామంది బాగానే రాసుకుంటున్నారు. అది కంపెనీలో చూడాల్సిన మనిషి దాకా చేరడమే కష్టంగా ఉంది. ఈ రోజు ఆ సంగతే మాట్లాడుకుందాం. ఐటీ, అకౌంట్స్ ఉద్యోగాలకు మనుషుల్ని వెతికే రిక్రూటర్ మేడమ్, ఫ్యాక్టరీ నియామకాలు చూసే హెచ్‌ఆర్ సార్ మనతో ఉన్నారు. మొదటి కాల్ మారతహళ్లి నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్. జావా డెవలపర్‌ని, నాలుగేళ్ల ఎక్స్‌పీరియన్స్. నౌకరీ వెబ్‌సైట్‌లో రోజూ ముప్పై నలభై ఉద్యోగాలకు అప్లై కొడుతున్నా. ఒక్క కాల్ కూడా రావట్లేదు.

రిక్రూటర్: ప్రొఫైల్‌లో హెడ్‌లైన్ ఏమని పెట్టారండీ?

కాలర్: 'సాఫ్ట్‌వేర్ ఇంజినీర్' అని, పక్కన మా కంపెనీ పేరు.

రిక్రూటర్: అక్కడే పోతోంది. ఒక్కో పోస్టుకు వచ్చిపడే అప్లికేషన్లన్నీ తెరిచి చదివే తీరిక చాలామంది రిక్రూటర్లకు ఉండదు. వాళ్లే డేటాబేస్‌లోకి వెళ్లి వెతుకుతారు. నౌకరీలో దాన్ని రెజ్‌డెక్స్ అంటారు. అందులో జావా, స్ప్రింగ్ బూట్, మైక్రోసర్వీసెస్ అని తమకు కావాల్సిన స్కిల్స్ పేర్లు టైప్ చేస్తారు. అనుభవం మూడు నుంచి ఐదేళ్లు, ఊరు బెంగళూరు, నోటీస్ పీరియడ్, అంటే రాజీనామా చేశాక పనిచేయాల్సిన రోజులు ఇన్ని, జీతం ఇంత లోపు, ఈ మధ్య ఎప్పుడు యాక్టివ్‌గా ఉన్నారు అని ఒక్కొక్క ఫిల్టర్ పెడతారు. జల్లెడ పట్టాక మిగిలినవాళ్లకే ఫోన్లు వెళ్తాయి. మీ హెడ్‌లైన్‌లో వాళ్లు టైప్ చేసే మాట ఒక్కటీ లేదు. 'జావా బ్యాకెండ్ డెవలపర్, 4 ఏళ్లు, స్ప్రింగ్ బూట్, మైక్రోసర్వీసెస్, కాఫ్కా, ఏడబ్ల్యూఎస్, బెంగళూరు' అని మార్చండి. మీరు నిజంగా పనిచేసినవే రాయండి, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న వాటిమీదే వస్తుంది.

కాలర్: కీ స్కిల్స్‌లో ఏం పెట్టాలో కూడా తెలియట్లేదు మేడమ్.

రిక్రూటర్: మీకు కావాల్సిన పోస్టువే పది ప్రకటనలు పక్కన పెట్టుకోండి. వాటిలో ఏ మాటలు మళ్లీ మళ్లీ వస్తున్నాయో గుర్తుపెట్టి, మీకు వచ్చినవి తీసుకోండి. పొడి అక్షరాలున్న ప్రతిదాన్నీ రెండు రకాలుగా రాయాలి. ఏడబ్ల్యూఎస్ అని ఒక చోట, అమెజాన్ వెబ్ సర్వీసెస్ అని ఇంకో చోట. వెతికే మనిషి ఏది కొడతారో మనకు తెలియదు కదా. ఇంకోటి, రెండు మూడు రోజులకోసారి ప్రొఫైల్‌లో నిజంగా ఏదైనా మెరుగుపరిచి సేవ్ చేయండి. అప్‌డేట్ అయిన తేదీ కొత్తదైతే వెతుకులాటలో వెనకబడిపోరు. నోటీస్ ఎంత?

కాలర్: తొంభై రోజులు.

రిక్రూటర్: దానివల్లా చాలా ఫిల్టర్లలో పడిపోతున్నారు. మీ కంపెనీ పాలసీలో బైఅవుట్, అంటే నోటీస్ రోజులకు బదులు డబ్బు కట్టి ముందే వెళ్లే వీలు ఉందేమో ఆఫర్ లెటర్‌లో చూసుకోండి. ఉంటే 'బైఅవుట్‌కు వీలుంది' అని సమ్మరీలో రాయండి. నోటీస్‌లో ఉన్నవాళ్లయితే 'సర్వింగ్ నోటీస్' పెట్టి చివరి పనిదినం తేదీ వేయాలి. కానీ ఈ ఫిల్టర్ కోసమని చేతిలో ఆఫర్ లేకుండా రాజీనామా మాత్రం చేయకండి. ఇంటి అద్దె, ఈఎంఐ ఉన్నవాళ్లకు అది నేను ఎప్పటికీ చెప్పను.

కాలర్: రెజ్యూమే కాన్వా అనే డిజైన్ యాప్‌లో చేశా మేడమ్, రెండు కాలమ్‌లు. బాగానే ఉంది చూడ్డానికి.

రిక్రూటర్: ఒక పరీక్ష చేయండి. పీడీఎఫ్ తెరిచి మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. కంపెనీల్లో రెజ్యూమేలను వడపోసే ఏటీఎస్ సాఫ్ట్‌వేర్ చదివేది దాదాపు అలాగే. ఎడమ కాలమ్‌లోని స్కిల్స్ వెళ్లి కుడి కాలమ్‌లోని ప్రాజెక్టు మధ్యలో దూరాయనుకోండి, ఏటీఎస్‌లోనూ అంతే. అసలేమీ పేస్ట్ కాకపోతే అది బొమ్మే, అందులో చదవడానికి అక్షరాలు లేవు. టేబుళ్లు, స్కిల్ పక్కన వేసే చుక్కలు, నక్షత్రాలు తీసేయండి. నాలుగు నక్షత్రాల జావా అంటే ఎంత వచ్చినట్టో మనిషికీ తెలియదు, మెషీన్‌కూ తెలియదు. ఫోన్ నంబర్, ఈమెయిల్ వర్డ్‌లో హెడర్ భాగంలో పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని వదిలేస్తాయి. అంతా సరిపోయినా మిమ్మల్ని పిలవడానికి నంబర్ ఉండదు. పేజీలోనే పై వరుసలో రాయండి. నాన్న పేరు, మతం, ఆధార్, పాన్ అక్కర్లేదు.

వ్యాఖ్యాత: ఇప్పటి కంపెనీకి తెలిసిపోతుందని భయపడేవాళ్లు చాలామంది ఉంటారు మేడమ్.

రిక్రూటర్: నౌకరీ సెట్టింగ్స్‌లో ఫలానా కంపెనీకి నా ప్రొఫైల్ కనపడకూడదని బ్లాక్ చేయొచ్చు. కంపెనీ పేరు రెండు మూడు రకాలుగా ఉంటే అన్నీ చేర్చండి. లింక్డ్‌ఇన్‌లో 'ఓపెన్ టు వర్క్' పెట్టేటప్పుడు 'రిక్రూటర్లకు మాత్రమే' అన్నది ఎంచుకుంటే ఫొటో చుట్టూ ఆకుపచ్చ పట్టీ రాదు. మీ కంపెనీ రిక్రూటర్లకు కనపడకుండా చూస్తామంటారు గానీ, పూర్తి హామీ ఇవ్వలేమని లింక్డ్‌ఇన్ వాళ్లే రాశారు. అది తెలిసి పెట్టుకోండి.

వ్యాఖ్యాత: ఎలక్ట్రానిక్ సిటీ నుంచి కాల్. చెప్పమ్మా.

కాలర్: మేడమ్, నేను టెస్టింగ్‌లో ఉన్నా, ఐదేళ్లు. ఒక పెద్ద కంపెనీకి కన్సల్టెన్సీవాళ్లు నా రెజ్యూమే పంపారు. తర్వాత ఇంకో కన్సల్టెన్సీ వాళ్లు కూడా అదే కంపెనీకి పంపారట. మా కజిన్ అక్కడే పనిచేస్తాడు, రిఫర్ చేస్తానన్నాడు. తీరా చూస్తే 'డూప్లికేట్' అని వచ్చిందట. ఇప్పుడు ముగ్గురూ చేతులెత్తేశారు.

రిక్రూటర్: ఇది బెంగళూరులో రోజూ జరిగేదే తల్లీ, ఎవరూ ముందు చెప్పరు. కంపెనీ పోర్టల్‌లోకి మీ రెజ్యూమే మొదట ఎవరి ద్వారా వచ్చిందో వాళ్ల పేరుమీద నమోదవుతుంది. మీ ఈమెయిల్‌నో ఫోన్ నంబర్‌నో బట్టి రెండోసారి వచ్చింది డూప్లికేట్ అని పట్టేస్తుంది. ఆ నమోదు చాలాచోట్ల కొన్ని నెలలు అలాగే ఉంటుంది. మిమ్మల్ని తీసుకుంటే కమిషన్ ఎవరికివ్వాలన్న తగాదా వస్తుందని, కంపెనీవాళ్లు మొత్తానికే పక్కన పెట్టేయడమూ ఉంది. మీ తప్పేమీ లేకుండా అవకాశం పోతుంది.

కాలర్: మరి నేనేం చేయాల్సింది?

రిక్రూటర్: కన్సల్టెన్సీ ఫోన్ చేస్తే మొదట అడగాల్సింది మూడు: క్లయింట్, అంటే మనిషి కావాల్సిన కంపెనీ ఎవరు, ఆ పోస్టు నంబర్ అయిన జాబ్ ఐడీ ఏమిటి, ఉద్యోగం ఆ కంపెనీ పేరోల్‌లోనా, థర్డ్ పార్టీ పేరోల్‌లోనా, అంటే జీతం ఇచ్చేది ఆ కంపెనీయేనా, మధ్యలో ఇంకో సంస్థా అని. క్లయింట్ పేరు చెప్పకపోతే 'నా ఈమెయిల్ అనుమతి లేకుండా ఎక్కడికీ పంపకండి' అని రాతలో పెట్టండి. చెప్తే, ఫలానా కంపెనీ, ఫలానా జాబ్ ఐడీకి మాత్రమే పంపడానికి ఒప్పుకుంటున్నానని ఒక్క లైను మెయిల్ ఇవ్వండి. ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకుని కంపెనీ, జాబ్ ఐడీ, ఎవరి ద్వారా, ఏ తేదీ అని రాసుకోండి. కంపెనీలో తెలిసినవాళ్లుంటే ముందు వాళ్లనే అడగాలి. మీరు వెబ్‌సైట్‌లో అప్లై చేసేశాక చాలా కంపెనీల్లో రిఫరల్ చెల్లదు.

కాలర్: ఇప్పుడు అయిపోయింది కదా?

రిక్రూటర్: ఏ తేదీన, ఎవరి పేరుమీద నమోదైందో మీ కజిన్‌ను అక్కడి హెచ్‌ఆర్‌ని అడగమనండి. మీ అనుమతి లేకుండా పంపింది ఎవరో వాళ్లకు, రెజ్యూమే వెనక్కి తీసుకోమని మెయిల్ రాసి, ఆ మెయిల్ హెచ్‌ఆర్‌కూ చూపించండి. కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఆ నమోదు గడువు ఎప్పటికి తీరుతుందో కనుక్కుని, ఆ తేదీ తర్వాత మీ కజిన్‌తోనే పెట్టించండి. అడిగేటప్పుడు 'జాబ్ ఉంటే చూడన్నా' అని వాట్సాప్‌లో పడేస్తే ఎవరూ కదలరు. ఇలా రాయండి: 'నమస్తే అన్నా. మీ కంపెనీలో సెలీనియం టెస్టర్ పోస్టు, జాబ్ ఐడీ ఫలానా చూశాను. 5 ఏళ్ల అనుభవం, అందులో సెలీనియం జావా 3 ఏళ్లు, ఏపీఐ టెస్టింగ్ 2 ఏళ్లు. నోటీస్ 30 రోజులు. మీ కంపెనీకి ఈమధ్య ఇంకెక్కడినుంచీ నా రెజ్యూమే వెళ్లలేదు. పీడీఎఫ్ పంపాను, వీలైతే రిఫర్ చేయండి.' ఆయన దాన్ని అలాగే కాపీ చేసి రిఫరల్ ఫారంలో పెట్టేయొచ్చు. 'ఇంకెక్కడినుంచీ నా రెజ్యూమే వెళ్లలేదు' అన్న వాక్యం మీ విషయంలో గడువు తీరాకే రాయాలి సుమా, ఈ లోపు రాస్తే అబద్ధమవుతుంది.

వ్యాఖ్యాత: కేఆర్ పురం నుంచి ఇంకో కాల్.

కాలర్: నమస్తే అండీ. బీకామ్ చేశాను, పెళ్లికి ముందు అకౌంట్స్‌లో నాలుగేళ్లు. పాప పుట్టాక ఆరేళ్లు మానేశాను. గ్యాప్ ఎలా దాచాలో తెలియట్లేదు.

రిక్రూటర్: దాచొద్దమ్మా. తేదీలు తీసేస్తే అనుమానం ఇంకా పెరుగుతుంది. 'కుటుంబ బాధ్యతల వల్ల విరామం' అని ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకో ఒక్క లైను రాసి వదిలేయండి. చిన్న కంపెనీలు, సీఏ ఆఫీసులు అడిగేది వేరు: ఇప్పటి పని వచ్చా అని. మీరు మానేశాక చాలా మారాయి. లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఇప్పుడు వాడుతున్నది టాలీప్రైమ్. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారాలకు ఈ-ఇన్వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు, తప్పనిసరి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ స్లాబులు మారాయి. ఇవి నేర్చుకుని, రెజ్యూమే పైన పనుల మాటల్లో రాయండి: నెలవారీ అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 పదకొండో తేదీలోగా, పన్ను కట్టే 3బీ ఇరవయ్యో తేదీలోగా ఫైలింగ్, ఏడో తేదీలోగా టీడీఎస్ కట్టడం, బ్యాంకు లెక్కలను పుస్తకాలతో సరిచూసే బ్యాంక్ రీకన్సిలియేషన్. చేతులతో చేసినవీ, కొత్తగా నేర్చుకున్నవీ వేరువేరుగా చూపించండి. 'హార్డ్ వర్కర్, టీమ్ ప్లేయర్' లాంటివి కొట్టేయండి, వాటితో ఎవరూ వెతకరు. ఇంటికి దగ్గరలో ఉన్న సీఏ ఆఫీసులకు నేరుగా వెళ్లండి, ఫైలింగ్ గడువు తేదీల్లో మాత్రం వద్దు. ఆ రోజుల్లో తలెత్తి చూసే తీరిక వాళ్లకుండదు.

వ్యాఖ్యాత: పీణ్య పారిశ్రామికవాడ నుంచి తమ్ముడు. సార్, ఇది మీకు.

కాలర్: సార్, మాది హిందూపురం. డిప్లొమా మెకానికల్ అయిపోయినాది. ఒక సంవత్సరం కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్ మీద చేసినా. గేటు గేటుకూ పోయి రెజ్యూమే ఇస్తే సెక్యూరిటీవాళ్లు డబ్బాలో వేస్తారు సార్, అంతే.

హెచ్‌ఆర్: రెజ్యూమేలో ఏం రాశావు బాబూ?

కాలర్: సీఎన్‌సీ ఆపరేటర్, ఒక సంవత్సరం అని.

హెచ్‌ఆర్: లోహాన్ని తిప్పుతూ కోసే టర్నింగా, మిల్లింగ్ చేసే వీఎంసీనా? మెషీన్‌ను నడిపే కంట్రోలర్ ఏ కంపెనీది?

కాలర్: టర్నింగ్ సార్. ఫనుక్. టూల్ కొలత సరిచేసే ఆఫ్‌సెట్ నేనే ఇస్తాండా, కోసే ఇన్సర్ట్ కూడా మారుస్తా.

హెచ్‌ఆర్: ఆ మాటలే కాగితం మీద లేవు! పేరు కిందే రాయి: 'సీఎన్‌సీ టర్నింగ్ ఆపరేటర్, ఫనుక్, ఆఫ్‌సెట్ కరెక్షన్, ఇన్సర్ట్ మార్పిడి, డ్రాయింగ్ చదవడం'. ఏ లోహం మీద చేశావు, ఎన్ని మైక్రాన్ల టాలరెన్స్, కొలత సాధనాలైన వెర్నియర్, మైక్రోమీటర్, బోర్ గేజ్‌లో ఏవి వాడతావు అన్నది రెండో లైను. మూడు షిఫ్టులకూ సిద్ధం, వెంటనే చేరగలను, పీణ్యలోనే ఉంటున్నాను అన్నది మూడో లైను. ఒక్క పేజీ చాలు. డబ్బాలో వేయకుండా, ప్రొడక్షన్ సూపర్‌వైజర్ పేరు అడిగి ఆయనకు చేర్చమను. మనిషి కావాలని హెచ్‌ఆర్‌కు చెప్పేది ఆయనే. షిఫ్టు మారే వేళ వెళ్లొద్దు, ఆ హడావిడిలో ఎవరూ వినరు. అప్రెంటిస్‌గా చేరాలంటే డిప్లొమావాళ్లకు నాట్స్ పోర్టల్ ఉంది, ఐటీఐవాళ్లకు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్. ప్రభుత్వ కంపెనీలైన బీఈఎల్, హెచ్‌ఏఎల్ ప్రకటనలు వాళ్ల వెబ్‌సైట్లలోనే చూడు. ఉద్యోగాలు వెతుక్కునే కేంద్రప్రభుత్వ ఎన్‌సీఎస్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉచితం. దేనికీ ఎవరికీ డబ్బు కట్టొద్దు.

వ్యాఖ్యాత: డబ్బు మాటే ఇంకొకరు అడుగుతున్నారు. అనంతపురం నుంచి పెద్దాయన, చెప్పండి.

కాలర్: మా అబ్బాయి బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటాడమ్మా. బీటెక్. బ్యాక్‌డోర్ జాబ్ అని, రెండు లక్షలు అడుగుతున్నారు. మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ వాళ్లే పెడతారంట. ముందు ఇరవై వేలు కట్టేసినాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా తీసుకున్నారు.

రిక్రూటర్: ఇంకో రూపాయి కట్టకండి నాన్నా. కన్సల్టెన్సీ డబ్బు తీసుకోవాల్సింది కంపెనీ దగ్గర, పిల్లవాడి దగ్గర కాదు. ఆ దొంగ అనుభవం నిలవదు కూడా. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ ఖాతా నంబర్ అయిన యూఏఎన్‌తో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తారు. జీతం నిజంగా బ్యాంకులో పడిందా అని స్టేట్‌మెంట్ అడుగుతారు. చేరిన ఆరు నెలలకు దొరికినా తీసేస్తారు, తర్వాతి కంపెనీకి ఏం చెప్పుకుంటాడు? వాళ్ల దగ్గరున్న రెజ్యూమే ఎక్కడికీ పంపొద్దని మెయిల్ పెట్టించండి. తప్పుడు అనుభవంతో అది ఒక కంపెనీలో నమోదైతే, రేపు ఫ్రెషర్‌గా అప్లై చేసినప్పుడు రెండు రెజ్యూమేలూ పక్కపక్కన కనబడతాయి.

కాలర్: కట్టిన డబ్బు సంగతేంటమ్మా? సర్టిఫికెట్లు ఎట్ల?

హెచ్‌ఆర్: ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో కట్టివుంటే లావాదేవీ నంబర్, తేదీ, వాళ్లతో నడిచిన చాటింగ్ స్క్రీన్‌షాట్లు పెట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఈ రోజే చేయండి, ఆలస్యమైతే డబ్బు ఖాతాలు మారిపోతుంది. మీ బ్యాంకుకూ చెప్పండి. సర్టిఫికెట్లు ఫలానా తేదీలోగా ఇవ్వమని మెయిల్, వాట్సాప్ రెండిట్లోనూ రాయించండి, ఫోన్‌లో అరుచుకోవడం వద్దు. ఇవ్వకపోతే ఆ కాపీలతో ఆ ఆఫీసు ఏ పోలీస్ స్టేషన్ పరిధిలోకి వస్తుందో అక్కడ ఫిర్యాదు ఇవ్వండి. అబ్బాయి ఒక్కడే ఆ ఆఫీసుకు పోకుండా, తోడుగా ఇద్దర్ని తీసుకుని వెళ్లమనండి.