సంవత్సరం రాయని ఫలకం

అందరికీ నమస్కారం.

ఈ ఏడాదే టెక్సస్‌లోని ఈ కాలేజ్ స్టేషన్ ఊరికి వచ్చిన పిల్లలు ముందు వరుసల్లో కూర్చున్నారు, సంతోషం. మీకు ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట. ఇక్కడ ఆ పేరుతో పిలిచేది వేరే ఆట. రెండు కొసలూ మొనదేలిన బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తుతారు. రూల్స్ నేను చెప్పను. శనివారం స్టేడియంలో మీ పక్కన నిలబడ్డవాళ్లే చెబుతారు. నిలబడ్డవాళ్లు అని తెలిసే అన్నాను. లక్షా రెండు వేల మందికి పైగా పట్టే కైల్ ఫీల్డ్‌లో మన టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ విద్యార్థులు ఆట అయ్యేదాకా కూర్చోరు. 1922 జనవరిలో ఒక మ్యాచ్‌లో మన ఆటగాళ్లకు వరసగా దెబ్బలు తగిలి మనుషులు తక్కువయ్యేలా ఉంటే, ఇ. కింగ్ గిల్ అనే విద్యార్థి యూనిఫాం వేసుకుని, పిలిస్తే ఆడతానని చివరిదాకా మైదానం పక్కనే నిలబడ్డాడు. పిలవాల్సిన అవసరం రాలేదు. ఆ రోజు అతను నిలబడ్డాడని మనం ఈ రోజుకీ నిలబడుతున్నాం.

ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇలాంటి జట్టుకి హెడ్ కోచ్‌ని ఎలా ఎంచుకుంటారన్న సంగతి. నాకు ఇది పట్టుకున్న రోజు బాగా గుర్తుంది. 2023 నవంబరు 11, శనివారం రాత్రి మిసిసిపి స్టేట్ మీద 51-10తో గెలిచాం. మర్నాడు దీపావళి. పొద్దున్నే ప్రమిదలు నీళ్లలోంచి తీసి గుడ్డ మీద ఆరబెడుతుంటే మా అబ్బాయి పరిగెత్తుకొచ్చి, "నాన్నా, మన కోచ్ జింబో ఫిషర్‌ని తీసేశారు!" అన్నాడు. తడి చేత్తోనే ఫోన్ లాక్కుని చదివాను. "నిన్న గెలిచాం కదా, మరెందుకు తీసేశారు?" అని అడిగాడు వాడు. ఆ పూట నా దగ్గర సమాధానం లేదు. సోమవారం మిసిసిపి స్టేట్ కూడా తన కోచ్‌ని తీసేసింది. ఒకే మ్యాచ్‌లో అటూ ఇటూ నిలబడ్డ ఇద్దరికీ రెండు రోజుల్లో ఉద్యోగాలు పోయాయి.

వాడికి ఆ పూట చెప్పలేనిది ఇప్పుడు మీకు చెబుతాను.

2017 డిసెంబరులో ఫిషర్‌ని తెచ్చుకున్నప్పుడు పదేళ్లకు 7.5 కోట్ల డాలర్లు, మొత్తం గ్యారంటీ అని రాసిచ్చారు. గ్యారంటీ అంటే గెలిచినా ఓడినా, మనమే వద్దన్నా ఇవ్వాల్సిందే. 2013లో ఫ్లోరిడా స్టేట్‌కి జాతీయ టైటిల్ తెచ్చిన మనిషి ఆయన. మనం ఆ టైటిల్ చూసి 1939లో గెలిచినదే తప్ప మళ్లీ లేదే అన్న మన లోటు తీరుతుందనుకున్నాం. మన దగ్గరికొచ్చిన ఏడాది అక్కడ, ఫ్లోరిడా స్టేట్‌లో, ఆయన జట్టు 5 గెలిచి 6 ఓడింది. ఆ లెక్క మీద ఎవరి కళ్లూ నిలవలేదు. ఛాన్సలర్ జాన్ షార్ప్ ఆయనకొక ఫలకం ఇచ్చారు. దాని మీద జాతీయ చాంపియన్లు అని చెక్కించి, సంవత్సరం దగ్గర మాత్రం ఖాళీ వదిలారు. ఆ ఫొటో చూసి నేనూ మురిసిపోయాను. ఆ ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది.

నన్నడిగితే ఆయన్ని తెచ్చుకోవడం కంటే పెద్ద తప్పు 2021లో జరిగింది. అంతకు ముందు సీజన్‌లో 9 గెలిచి ఒక్కటే ఓడి, దేశంలో నాలుగో స్థానంలో నిలిచాం. ఊరంతా సంబరం. ఇంత మంచి కోచ్‌ని ఇంకెవరైనా ఎగరేసుకుపోతారేమోనన్న టెన్షన్‌లో, ఉన్న కాంట్రాక్ట్ ఇంకా చాలా ఏళ్లు మిగిలుండగానే, దాన్ని 2031 దాకా పొడిగించి జీతం పెంచారు. ఆ మరుసటి ఏడాదే, 2022లో, 5 గెలిచి 7 ఓడాం. 2023లో ఇక తీసేయాలంటే ఎంతివ్వాలో చూసుకుంటే 7.5 కోట్ల డాలర్లకు పైనే తేలింది. తెచ్చుకోవడానికి పదేళ్లకు ఎంత ఒప్పుకున్నారో, ఆరేళ్ల జీతం ఇచ్చాక వెళ్లిపొమ్మనడానికీ దాదాపు అంతే. రెండు నెలల్లోపు దాదాపు 1.9 కోట్లు, ఆ తర్వాత 2031 వరకు ఏటా 72 లక్షల డాలర్ల చొప్పున. ఆయనకు వేరే చోట కొలువు దొరికినా ఇందులో ఒక్క డాలర్ తగ్గదు. విద్యార్థుల ఫీజులూ పన్నుల సొమ్మూ ముట్టుకోమని, దాతల విరాళాలతో, అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్ ఆదాయంతో కడతామని అప్పటి డైరెక్టర్ చెప్పారు. అయినా నాకు కడుపు మండింది. దాత ఇచ్చిన డబ్బు కూడా ఈ యూనివర్సిటీ మీది ప్రేమతో ఇచ్చిందే కదా.

ఇంతకీ ఎంచుకునేది ఎవరు? పేరుకు అథ్లెటిక్ డైరెక్టర్, అంటే యూనివర్సిటీ ఆటల విభాగం పెద్ద. ఆయన వెనక యూనివర్సిటీని నడిపే రీజెంట్ల బోర్డు, పెద్ద దాతలు. మధ్యలో ఏజెంట్. మన పెళ్లిళ్ల పేరయ్య దగ్గర నాలుగు ఊళ్ల సంబంధాలున్నట్టు, ఒకే ఏజెంట్ చేతిలో ఎందరో కోచ్‌లుంటారు. ఫిషర్‌కీ, అప్పటి అలబామా కోచ్ నిక్ సేబన్‌కీ, మరో పేరున్న కోచ్ లేన్ కిఫిన్‌కీ ఏజెంట్ ఒక్కరే, జిమ్మీ సెక్స్‌టన్. ఫలానా వాళ్లు మా కోచ్‌ని అడుగుతున్నారట అన్న కబురు చాలు, ఇటువైపు వాళ్లకు నిద్ర పట్టదు.

దానికి తోడు తొందర. సీజన్ నవంబరు చివర్లో ముగుస్తుంది. డిసెంబరులో హైస్కూల్ పిల్లలు ఏ కాలేజీకి ఆడతారో సంతకాలు చేసేస్తారు. ఉన్న ఆటగాళ్లు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి వెళ్లి వేరే కాలేజీ చూసుకోవచ్చు. కోచ్ కుర్చీ ఎన్ని రోజులు ఖాళీగా ఉంటే జట్టు అంత కరిగిపోతుంది. పదేళ్ల నిర్ణయం పది రోజుల్లో చేయాలి.

2023లో మన వెతుకులాట ఎలా సాగిందో చూడండి. నవంబరు 25 శనివారం బేటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) చేతిలో 42-30తో ఓడాం. ఆ రాత్రే కెంటకీ కోచ్ మార్క్ స్టూప్స్ ఖాయమైపోయినట్టే అని వార్తలు. అభిమానులు ఒప్పుకోలేదు, గగ్గోలు పెట్టారు. తెల్లారేలోపే తాను కెంటకీలోనే ఉంటానని స్టూప్స్ ప్రకటించారు. సోమవారానికి డ్యూక్ యూనివర్సిటీ కోచ్ మైక్ ఎల్కో వచ్చారు.

ఆ రాత్రి గగ్గోలు పెట్టినవాళ్లలో నేను లేను. అలా ఒక మనిషిని గుమ్మం దాకా పిలిచి అవమానించి పంపడం నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. కానీ ఎల్కోని ఎంచుకోవడం మాత్రం సరైన పని. ఎందుకంటే ఆయన గురించి తెలియనిది తక్కువ. 2018 నుంచి నాలుగు సీజన్లు ఇక్కడే డిఫెన్స్ చూసుకున్నారు. ఈ ఊరి ఆశ ఎంత బరువో ఆయనకు తెలుసు. ఇక డ్యూక్ అంటే బాస్కెట్‌బాల్ కాలేజీ. 2021లో ఫుట్‌బాల్‌లో 3 గెలిచి 9 ఓడింది. ఎల్కో వెళ్లిన మొదటి ఏడాదే 9 గెలిచి 4 ఓడింది. ఎవరూ రానంటున్న చోట, ఉన్న పిల్లలతో అంత చేశాడంటే ఆ పని అతని చేతిదే. నేను బోర్డులో ఉంటే ముందు అడిగే ప్రశ్న ఇదే: నిండుగా ఉన్న ఇంట్లో టైటిల్ గెలిచాడా, లేక ఖాళీ ఇంటిని నిలబెట్టాడా? కాంట్రాక్ట్ కూడా ఈసారి ఆరేళ్లకు, ఏటా 70 లక్షలకు రాశారు.

ఇక్కడొక సంగతి చెప్పకుండా ఉండలేను. ఫిషర్‌ని తెచ్చిన డైరెక్టర్ స్కాట్ వుడ్‌వర్డ్ 2019లో ఎల్‌ఎస్‌యూకి వెళ్లారు. 2021లో అక్కడ బ్రయాన్ కెల్లీకి పదేళ్లకు 9.5 కోట్ల డాలర్లు రాసిచ్చారు. 2025 అక్టోబరు 25న ఎల్కో జట్టు బేటన్ రూజ్ వెళ్లి 49-25తో గెలిచింది. మర్నాడే కెల్లీని తీసేశారు. తీసేసినందుకు ఆయనకివ్వాల్సిన లెక్క చూస్తే 5 కోట్ల డాలర్లు దాటింది. ఏకంగా లూసియానా గవర్నరే మన ఫిషర్ కాంట్రాక్ట్‌ని కూడా ఎత్తి చూపి, వచ్చే కోచ్‌ని వుడ్‌వర్డ్ ఎంచుకోరని బహిరంగంగా అన్నారు. వారం తిరక్కుండా వుడ్‌వర్డ్ కూడా వెళ్లిపోయారు.

ఇన్ని కోట్ల మధ్య ఆటగాళ్లను మరిచిపోకండి. మా ఇంటి దగ్గర ప్రాక్టీస్ చేసుకునే హైస్కూల్ పిల్లల్ని సాయంత్రాలు చూస్తుంటాను. అలాంటి పదిహేడేళ్ల పిల్లాడి ఇంటికి కోచ్ వస్తాడు, సోఫాలో కూర్చుని వాళ్లమ్మకి మాటిస్తాడు: మీవాణ్ణి నేను చూసుకుంటాను అని. పిల్లాడు కాలేజీని కాదు, ఆ మనిషిని నమ్ముకుని వస్తాడు. ఆ మనిషి పోతే మాట ఎవరు నిలబెట్టాలి? కోచ్‌కి గ్యారంటీ ఉంది. ఆ తల్లికిచ్చిన మాట ఏ కాంట్రాక్ట్‌లోనూ లేదు. కొత్త కోచ్‌ని ఎంచుకునే గదిలో సీనియర్ ఆటగాళ్లు ఇద్దరినైనా కూర్చోబెట్టాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఎవరు అరుస్తారో, ఎవరు నేర్పుతారో వాళ్లకు తెలిసినంత దాతలకు తెలియదు.

గత సీజన్ మీలో కొందరు చూశారు. వరసగా 11 గెలిచి, టెక్సస్ యూనివర్సిటీ చేతిలో ఓడినా, జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌కి మొదటిసారి వెళ్లాం. డిసెంబరులో మన మైదానంలోనే మయామీ చేతిలో 10-3తో ఓడినప్పుడు మా అబ్బాయి కారు దాకా ఒక్క మాట మాట్లాడలేదు. అంతకు ముందు, గెలుపుల ఊపులో ఉన్న నవంబరులోనే, ఎల్కోకి కొత్త కాంట్రాక్ట్ రాశారు. ఏటా సగటున కోటి డాలర్లకు పైనే. ఆయన అర్హుడు, నాకు సందేహం లేదు. ఆయన పదికాలాలు ఇక్కడే ఉండాలని మనసారా కోరుకుంటున్నాను. కానీ ఆ వార్త చదువుతూ ఆఖరి సంవత్సరం దగ్గర ఆగిపోయాను. 2031. ఫిషర్‌కి మనం ఇవ్వాల్సిన చివరి 72 లక్షలు ఇచ్చే ఏడాది కూడా అదే.