క్షిపణి వాళ్లది, వార్‌హెడ్ వీళ్లది

యాంకర్: నమస్కారం అండీ. శ్రోతలకి ఒక పెద్ద సందేహం ఉంది మేడమ్. ఎంత మిత్ర దేశమైనా అణుబాంబు రహస్యం ఎవరైనా చెబుతారా?

అతిథి: చెప్పారండీ. అమెరికా బ్రిటన్‌కి చెప్పింది. కాకపోతే ఒకసారి కలుపుకుని, తర్వాత తలుపేసేసి, పన్నెండేళ్లకి మళ్లీ తీసింది. నన్నడిగితే ఆ పన్నెండేళ్లే ఈ కథకి ఆయువుపట్టు.

యాంకర్: మొదటిసారి కలుపుకుంది యుద్ధకాలంలోనే కదా?

అతిథి: అవును. 1943 ఆగస్టులో కెనడాలోని క్యుబెక్‌లో రూజ్‌వెల్ట్, చర్చిల్ సంతకాలు పెట్టారు. ఈ బాంబుని మనం ఒకరి మీద ఒకరం వాడుకోం, ఇద్దరం ఒప్పుకోనిదే ఇంకెవరి మీదా వెయ్యం, మూడో మనిషికి చెప్పం అని. జేమ్స్ చాడ్విక్ వెంట బ్రిటిష్ శాస్త్రవేత్తలు అమెరికా బాంబు ప్రయోగశాల ఉన్న లాస్ అలమోస్ వెళ్లి బాంబు పనిలో చెయ్యి కలిపారు. యుద్ధం ముగిసిందో లేదో, 1946లో మెక్‌మాన్ చట్టం వచ్చింది. ఈ సమాచారం ఏ పరాయి దేశానికీ ఇవ్వకూడదంది. క్యుబెక్ ఒప్పందాన్ని రహస్యంగా ఉంచారు కాబట్టి, చట్టం తెచ్చిన సెనేటర్ మెక్‌మాన్‌కే దాని సంగతి తెలీదు!

యాంకర్: అయ్యో! కలిసి పనిచేసినవాళ్లే పరాయివాళ్లయిపోయారు.

అతిథి: చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. బ్రిటన్ మాత్రం ఆగలేదు. శాస్త్రవేత్త విలియం పెన్నీ బృందం సొంతంగా బాంబు తయారుచేసి 1952 అక్టోబరు 3న ఆస్ట్రేలియా దగ్గరి మాంటెబెల్లో దీవుల్లో పేల్చింది. 1957 నవంబరులో క్రిస్మస్ ద్వీపం దగ్గర 1.8 మెగాటన్నుల హైడ్రోజన్ బాంబు. దానికి సుమారు నెల ముందే సోవియట్లు స్పుత్నిక్ ఉపగ్రహాన్ని పైకి పంపారు. అమెరికాకి తోడు కావాల్సి వచ్చింది.

యాంకర్: చట్టం అడ్డు కదా మరి?

అతిథి: సవరించారు. అణ్వాయుధాల్లో అప్పటికే గణనీయంగా ముందుకెళ్లిన మిత్ర దేశానికైతే ఇవ్వొచ్చన్నారు. ఆ కొలతకి అప్పుడు సరిపోయింది బ్రిటన్ ఒక్కటే. 1958 జూలై 3న పరస్పర రక్షణ ఒప్పందం కుదిరింది. బ్రిటన్ మొదటి అణు జలాంతర్గామి డ్రెడ్‌నాట్ లోపల అమెరికా రియాక్టరే ఉండేది. ముందు సగం బ్రిటిష్, వెనక సగం అమెరికన్. మధ్య తలుపుకి నావికులు బెర్లిన్ సరిహద్దు పేరు పెట్టుకున్నారు, చెక్‌పాయింట్ చార్లీ అని.

యాంకర్: ఇప్పుడు బ్రిటిష్ జలాంతర్గాముల్లో ఉండే ట్రైడెంట్ అణు క్షిపణి విషయం చెప్పండి. అది పూర్తిగా అమెరికాదేనా?

అతిథి: క్షిపణి అమెరికాది. జార్జియా రాష్ట్రంలో కింగ్స్ బే అనే స్థావరంలో రెండు దేశాలకీ ఉమ్మడి నిల్వ ఉంటుంది. బ్రిటిష్ జలాంతర్గాములు అక్కడికెళ్లి ఎక్కించుకుంటాయి. పైన వార్‌హెడ్, అంటే క్షిపణి మోసుకెళ్లే అణుబాంబు, మాత్రం బ్రిటన్ సొంతం. అది బ్రిటన్ అణ్వాయుధ కేంద్రం ఆల్డర్‌మాస్టన్ వాళ్ల పని. పూర్తి వార్‌హెడ్‌ని చేతికివ్వడానికి అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం ఒప్పుకోదు. అందుకే డిజైన్ సమాచారం, పదార్థాలు, కొన్ని భాగాలు ఇచ్చిపుచ్చుకుంటారు.

యాంకర్: ప్రయోగించాలంటే అమెరికా అనుమతి కావాలా?

అతిథి: అక్కర్లేదండీ. ఆ నిర్ణయం బ్రిటన్ ప్రధానిదే. అయితే రేపు అమెరికా సహకారం ఆపేస్తే? అనుమతి అక్కర్లేకపోయినా, క్షిపణుల మరమ్మతు దగ్గర ఏళ్లు గడిచేకొద్దీ ఇబ్బంది తప్పదు. ఈ రెండూ వేర్వేరు సంగతులు. వాదనల్లో కలిపేస్తుంటారు.

యాంకర్: ఆ 1958 ఒప్పందానికి గడువేమైనా ఉందా?

అతిథి: మొత్తానికి లేదు. పదార్థాలు, పరికరాలు ఇచ్చిపుచ్చుకునే భాగానికి మాత్రం ఉండేది. పదేళ్లకోసారి పొడిగించేవాళ్లు. 1994, 2004, 2014... 2024లో ఆ గడువే తీసేశారు, ఇక శాశ్వతం. నాకది నచ్చలేదు. ఏళ్ల తరబడి సాగే పథకాలు గడువు మీద వేలాడకూడదంటారు, అర్థం చేసుకోగలను. కానీ ఇంత రహస్యంగా నడిచే వ్యవహారం పదేళ్లకోసారైనా బ్రిటిష్ పార్లమెంటు ముందుకి రావాల్సి వచ్చేది. అప్పుడైనా ఎంపీలు ప్రశ్నలు వేసేవాళ్లు, పత్రికలు రాసేవి. ఇకనుంచి ఎవరో ఒకరు పనిగట్టుకుని అడిగితే తప్ప ఆ చర్చ దానంతటది రాదు.