మీ ఫోను లెక్క రాస్తోంది

(ప్రపంచ వినికిడి దినోత్సవం సందర్భంగా విజయనగరంలోని ఒక డిగ్రీ కాలేజీలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ మేడమ్ గారికి, ఎన్.ఎస్.ఎస్. మాస్టారికి, ముందు వరసలో కూర్చున్న లెక్చరర్లందరికీ నమస్కారం. శాలువా ఇప్పుడే వద్దన్నాను. మాట్లాడాక కూడా కప్పాలనిపిస్తే అప్పుడు కప్పండి. వెనక బెంచీల్లో చెవిలో బడ్స్ పెట్టుకున్న తమ్ముళ్లకీ నమస్కారం. తియ్యక్కర్లేదు నాయినా, మీ గురించే మాట్లాడతాను. సౌండ్ కాస్త తగ్గించుకుంటే చాలు.

నాది సెల్‌ఫోన్ రిపేరు కొట్టు. మార్చి 3 కదా, చెవి డాక్టర్ని పిలవండి మాస్టారూ అన్నాను. ‘డాక్టరు గారు చెప్తే గుంటలు వినరయ్యా, ఫోన్ రిపేరు చేసేవాడు చెప్తే వింటారు’ అన్నారు. హెడ్‌ఫోన్ సెట్టింగులు చెప్పమన్నారు, ఇరవై నిమిషాలిచ్చారు. సెట్టింగులు చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. మిగతా పదిహేనూ మా నాన్నకి కావాలి.

మా నాన్న జూట్ మిల్లు వర్కరు. బదిలీగా, అంటే రానివాళ్ల బదులు పనిచేసే కూలీగా చేరి పర్మనెంట్ అయ్యారు. మిల్లు పేరు ఎందుకులెండి, మన జిల్లాలో జూట్ మిల్లులు ఒకటా రెండా. వీవింగ్‌లో ఉండేవారు, గోనె గుడ్డ నేసే మగ్గాల మీద. షెడ్డు నిండా మగ్గాలే. ప్రతి మగ్గంలోనూ షటిల్ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు కొట్టుకుంటూ ఉంటుంది. క్యారేజీ ఇవ్వడానికి నేను గేటు దాకా వెళ్తే అక్కడికే పళ్లు జివ్వుమనేవి. లోపల ఎవరూ నోటితో మాట్లాడుకోరు. దారం తెగిందని చెప్పాలంటే వేళ్లతో తెంపినట్టు చూపించాలి. టీకి వెళ్దామంటే బొటనవేలు నోటి దగ్గర పెట్టాలి. మిగతాదంతా పెదాలు చూసి అర్థం చేసుకోవడమే.

చెముడు ఒక్క పూటలో రాలేదు. తప్పెటగుళ్ల మోత వినపడేది, మనవరాలి మాట వినపడేది కాదు. లారీ హారన్‌కి తిరిగి చూసేవారు, వెనక నుంచి ‘తాతా’ అంటే చూసేవారు కాదు. ‘కావాలనే పలకడు మీ అయ్య’ అని మా అమ్మ తిట్టేది. కావాలని కాదు. మోత దెబ్బ ముందుగా సన్నటి శబ్దాల మీద పడుతుంది, 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల. అచ్చులు అందుతాయి, స, శ, త లాంటి హల్లులు జారిపోతాయి. ‘ఇనపడతంది గానీ ఏటంటన్నారో తెల్డం లేదురా’ అనేవారు. అంత ఖచ్చితంగా ఏ ఆడియోగ్రామూ, అదే వినికిడి పరీక్ష రిపోర్టు, చెప్పలేదు.

కరోనా వచ్చింది. అందరూ మాస్కులు పెట్టుకున్నారు. పెదాలు కనపడకపోతే ఆయనకి ఇంకేముంది? పింఛను ఇవ్వడానికి వాలంటీరు అబ్బాయి గుమ్మంలో నిలబడి వేలిముద్ర వెయ్యమంటున్నాడు. మా నాన్న రెండు చేతులూ జోడించి, ‘బాబూ, ఒక్కసారి ఆ గుడ్డ తియ్యి నాయినా’ అని బతిమాలుతున్నారు. వాడు తియ్యలేడు, రోజులలాంటివి. చివరికి ఆ అబ్బాయే చెయ్యి పట్టుకుని వేలు మెషీను మీద పెట్టించాడు.

సరే, లెక్కకి వద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2018లో ఒక ప్రమాణం రాశాయి. హెచ్.870 అంటారు. శబ్దం ఎంత గట్టిదో డెసిబెల్స్‌లో కొలుస్తారు. పెద్దవాళ్లు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు వినొచ్చు. పిల్లలకైతే 75 దగ్గర 40 గంటలు. ఇది రేషన్ కోటాలాంటిది, ఎంత ఎక్కువ తీస్తే అంత తొందరగా అయిపోతుంది. 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా టైము సగమవుతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5. 95 దగ్గర వారం మొత్తానికి గంటంబావు. 100 దగ్గర అరగంట కూడా రాదు. బార్ మీద రెండు గీతలే కదా పెంచాను అంటారు మీరు. ఆ రెండు గీతల్లో ఎన్ని గంటలు పోయాయో చూసుకోండి.

ఇప్పుడు మగ్గాల షెడ్డులో 95 అనుకుందాం. ఎనిమిది గంటల ఒక్క షిఫ్టుకి ఆరు వారాల కోటా దాటిపోతుంది. ఒక్క షిఫ్టుకి! మా నాన్న సర్వీసంతా అలాంటి షిఫ్టులే. ఆ షెడ్డులో గడియారం ఉండేది, సంచుల లెక్క రాసే గుమస్తా ఉండేవాడు. చెవిలో ఎంత పడుతోందో రాసినవాడు మాత్రం ఎవడూ లేడు.

మీకు రాసేవాడున్నాడు, మీ జేబులోనే ఉన్నాడు. ఇయర్‌ఫోన్ పెట్టుకుని సౌండ్ పెంచుతూ పోతే ఒకచోట ఆగి, ఇంతకు మించి పెంచితే చెవికి దెబ్బ, పెంచమంటావా అని అడుగుతుంది చూశారా? అది యూరప్ నిబంధనలతో వచ్చింది, 85 డెసిబెల్స్ దగ్గర ఆపమని. దాన్ని దాటి 20 గంటలు వింటే మళ్లీ అడుగుతుంది. మన దగ్గర అమ్మే ఫోన్లలో కొన్నింటిలో ఇది ఉండదు. ఆండ్రాయిడ్ 14 నుంచి అయితే మీరు విన్న మొత్తాన్ని కూడి లెక్కగట్టే ఏర్పాటు కూడా పెట్టారు. మీరేం చేస్తారు? చదవకుండా ఓకే నొక్కుతారు. నొక్కితే నొక్కారు, నా కొట్టుకొచ్చి ‘అన్నా, ఆ వార్నింగ్ తీసెయ్యన్నా, విసుగు’ అంటారు. ఇంకొందరు వీడియోలు చూసి డెవలపర్ ఆప్షన్స్‌లోకి దూరిపోయి ‘డిసేబుల్ అబ్సల్యూట్ వాల్యూమ్’ ఆన్ చేసుకుని, ఫోన్‌ది ఒక వాల్యూమ్, బడ్స్‌ది ఇంకో వాల్యూమ్, రెండూ ఫుల్లు పెడతారు. వాల్యూమ్ బూస్టర్ యాప్‌లు సరే సరి. డబ్బులిచ్చినా నేను ఆ పని చెయ్యను. పక్క కొట్టువాడు చేస్తాడు, అది వేరే సంగతి.

ఒక రహస్యం చెప్తాను, దీంతో నా ఆదాయం పోతుంది. ‘సౌండ్ తగ్గిపోనాదన్నా’ అని బడ్స్ తెస్తారు. కుడివైపుది భూతద్దం కింద పెడితే జాలీ కనపడదు. గులిమి, దుమ్ము కలిసి మైనంలా పట్టేసి ఉంటాయి. పొడి బ్రష్షు పెట్టి, జాలీ కిందకి ఉండేలా పట్టుకుని మెల్లిగా దులిపితే రాలిపోతుంది. సూది మాత్రం పెట్టకండి, జాలీ చిరిగితే మళ్లీ నా దగ్గరికే రావాలి. అంతే, సౌండు తిరిగొస్తుంది. అది తెలీక వాళ్లు ఫుల్లు పెట్టి వింటుంటారు, ఎడమ చెవి పాపం ఆ ఫుల్లంతా మోస్తుంది. జాలీ శుభ్రంగా ఉండి, నా చెవికి బాగానే వినపడి, తెచ్చినవాడికి మాత్రం తక్కువగా వినపడిందనుకోండి, అప్పుడు బిల్లు రాయను. ‘తమ్ముడూ, ఈఎన్‌టీకి వెళ్లు’ అంటాను.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి కేశ కణాలుంటాయి, ఒక్కో చెవిలో సుమారు 16,000. పుట్టినప్పుడు ఎన్నో అన్నే. కోడికి పోయినా మళ్లీ మొలుస్తాయట, శాస్త్రవేత్తలు చూశారు. మనకి మొలవవు. నవ్వకండి, కోడి పాటి అదృష్టం కూడా లేదు మనకి.

మాస్టారు చీటీ పంపించారు, టైము చూసుకోమని. ఇంకొక్క మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇది ఆదిభట్ల నారాయణదాసు గారి ఊరు. మైకు లేని రోజుల్లో జనం మధ్య నిలబడి హరికథ చెప్పిన గొంతు అది. 1919లో పెట్టిన సంగీత కళాశాలకి ఆయనే మొదటి ప్రిన్సిపాలు. ఘంటసాల, సుశీల అక్కడే నేర్చుకున్నారు. ఆ ఊళ్లో ఇప్పుడు పెళ్లి ఊరేగింపంటే లారీ నిండా బాక్సులు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని 2000 సంవత్సరంలోనే రూల్సు వచ్చాయి. బాక్సుల ముందు మూడేళ్ల పిల్లని భుజాన ఎక్కించుకుని తండ్రి గెంతుతుంటాడు... సరే మాస్టారూ, సరే, ఇటొచ్చేస్తున్నాను.

ఆర్మీ సెలక్షన్లకి తయారవుతున్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. అబ్బో! శ్రీకాకుళం, విజయనగరం అంటే అంతే మరి. తెల్లారగట్ల పరుగులు తీస్తారు, చెవిలో బడ్స్, ఫుల్లు సౌండు. పరుగులో గెలుస్తారు, ఛాతీ కొలతలో గెలుస్తారు. మెడికల్‌లో చెవి కూడా చూస్తారు బాబూ. కాలికి అంత కష్టపెట్టి చెవి దగ్గర పోగొట్టుకుంటారా?

ఇప్పుడు ఫోన్లు తియ్యండి. మేడమ్ గారు, ఈ ఒక్కసారికి పర్మిషన్ ఇవ్వండి. శామ్‌సంగ్ వాళ్లు సెట్టింగ్స్‌లో సౌండ్స్ అండ్ వైబ్రేషన్, అందులో వాల్యూమ్, పైన మూడు చుక్కలు, మీడియా వాల్యూమ్ లిమిట్. ఆన్ చేసి గీత ఎక్కడ కావాలో అక్కడ పెట్టుకోండి. దానికి పిన్ కూడా పెట్టొచ్చు. ఆ పిన్ మీ అక్క చేత పెట్టించండి, మీకు చెప్పొద్దనండి. ఐఫోన్ ఉన్న మారాజులు సౌండ్స్ అండ్ హాప్టిక్స్‌లో హెడ్‌ఫోన్ సేఫ్టీ, రెడ్యూస్ లౌడ్ ఆడియో. 75 నుంచి 100 దాకా స్లైడర్ ఉంటుంది, 80 దగ్గర ఆపండి. హెల్త్ యాప్‌లో హియరింగ్ అని ఉంటుంది, గడిచిన వారం మీరేం విన్నారో అక్కడ రాసి ఉంటుంది. చూసి నాకు చెప్పక్కర్లేదు, మీ అమ్మకి చూపించండి. మిగతా కంపెనీల ఫోన్లలో సెట్టింగ్స్ పైన వెతుకుడు గడిలో ‘వాల్యూమ్’ అని కొట్టి చూడండి. ఏమీ దొరకకపోతే సగం దాటి కాస్త పైన ఆపెయ్యండి, గంటకోసారి తీసి పక్కన పెట్టండి. శ్రీకాకుళం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే పాట వినపడక పెంచుతారు చూడండి, అక్కడ జాగ్రత్త. చెవిలో బిగుతుగా కూర్చునే రబ్బరు ఉన్నవి కొనుక్కుంటే అంత పెంచే పని పడదు. పాట ఆపాక చెవిలో గుయ్‌మంటే, మర్నాటికి కూడా తగ్గకపోతే, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇంకోటి. కామర్స్ వాళ్లున్నారు, లా చదవబోయేవాళ్లుంటారు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలు తీసి చదవండి. మోత వల్ల వచ్చే చెముడు అందులో ఉండేది, ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల పట్టికలో. అప్పటి నష్టపరిహారం చట్టంలో కూడా ఉండేది. మా నాన్నకి ఆ కాగితం ఎవరూ చూపించలేదు. చెవికి పెట్టుకోవడానికి దూది తప్ప ఏమీ లేదు, ఆ దూది కూడా ఇంటి నుంచే తీసుకెళ్లేవారు. మీ ఇళ్లల్లో మిల్లుల్లో, జీడిపప్పు ఫ్యాక్టరీల్లో, క్రషర్ల దగ్గర పనిచేసేవాళ్లుంటే వాళ్లని ఒకసారి ఆడియోమెట్రీకి, అంటే వినికిడి పరీక్షకి తీసుకెళ్లండి. రిపోర్టు దాచండి. మీ ఫోను మీకు లెక్క రాస్తోంది, వాళ్లకి మీరు రాయండి.

నేను కింద బల్ల దగ్గర కూర్చుంటాను. లిమిట్ పెట్టడం రానివాళ్లు ఫోను పట్టుకు రండి, పెట్టిస్తాను, డబ్బులేమీ వద్దు. బడ్స్ తెస్తే జాలీ కూడా దులిపిస్తాను, బ్రష్షు తెచ్చుకున్నాను. వార్నింగ్ తీసెయ్యమని అడిగేవాళ్లు మాత్రం లైన్లో నిలబడకండి.