రక్తం కారుతుంటే సెలైన్ ఎంత?

వేదిక మీది పెద్దలకు, పీహెచ్‌సీ డాక్టర్లకు, స్టాఫ్ నర్సులకు, 108 సిబ్బందికి నమస్కారం. సన్మానాలకే చాలా సేపు పోయింది, నేరుగా విషయంలోకి వస్తాను.

నాకిచ్చిన అంశం 'రక్తస్రావ షాక్‌లో ఫ్లూయిడ్లు'. అంటే రక్తం పోయి ఒంట్లో రక్తప్రసరణ పడిపోయినప్పుడు సెలైన్ లాంటి ద్రవాలు ఎలా ఎక్కించాలన్నది. కారే చోటు ఆపకుండా ఎన్ని బాటిళ్లు ఎక్కించినా అవి నేలపాలే. గాయంలో గాజ్ (కట్టు కట్టే పల్చటి) గుడ్డ కుక్కి నొక్కిపట్టండి. చేయో కాలో అయితే టోర్నికే, అంటే రక్తం ఆపే పట్టీ, గాయానికి పైన బిగించండి. కాన్పు అయితే గర్భసంచి మర్దన, దాన్ని బిగించే ఆక్సిటోసిన్ మందు. ఫ్లూయిడ్ ఆ తర్వాతి మాట.

'బీపీ 110 ఉంది సార్' అంటే నాకు ధైర్యం రాదు. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. లీటరు పైగా పోయినా వయసు పిల్లల్లో బీపీ నిలబడుతుంది, తర్వాత ఒక్కసారిగా కూలుతుంది. పల్స్‌ను పై బీపీతో భాగించండి, 0.9 దాటితే అనుమానించండి. చెయ్యి పట్టుకుని చూడండి, చల్లగా చెమటతో ఉందా? బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) వాడే ముసలివాళ్లలో పల్స్ కూడా మోసం చేస్తుంది.

ఇక నా అసలు గొడవ నీలం క్యాన్యులా, అదే నరంలో పెట్టే సన్న గొట్టం. అది 22 గేజ్, మహా అయితే నిమిషానికి 36 ఎంఎల్ పోతుంది. బూడిద రంగు 16 గేజ్‌లో 180 పోతుంది. లీటరు ఎక్కడానికి ఒకదాంట్లో అరగంట, ఇంకోదాంట్లో ఆరు నిమిషాలు! సన్నది పెట్టడం సులువని అదే పెట్టి పంపుతున్నారు. మోచేతి మడతల్లో రెండు పక్కలా గ్రే పెట్టండి, కుదరకపోతే గ్రీన్. పెట్టగానే, ఫ్లూయిడ్ తగిలించకముందే, గ్రూపింగ్‌కి, క్రాస్‌మ్యాచ్‌కి (దాత రక్తం సరిపోతుందో చూసే పరీక్షకి) రక్తం తీయండి.

ఆ నీలం క్యాన్యులాకి 5 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ నీళ్లు) తగిలిస్తే ఇంకా దారుణం, లీటరులో నరాల్లో నిలిచేది 80 ఎంఎల్. ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) అయినా గంట తిరిగేసరికి పావు వంతే. కాబట్టి వెచ్చబెట్టిన ఆర్‌ఎల్ 250 ఎంఎల్ చొప్పున ఇచ్చి, ప్రతిసారీ మణికట్టు పల్స్, స్పృహ చూడండి. పై బీపీ 80-90 చాలు. తలకు దెబ్బ ఉంటే మాత్రం 110 తగ్గనివ్వొద్దు. కాన్పు కేసులకు ఈ తక్కువ బీపీ లెక్క వద్దు. 2018లో ఏటీఎల్‌ఎస్ (గాయాల చికిత్సపై డాక్టర్ల శిక్షణ కోర్సు) పదో ఎడిషన్ మొదటి మోతాదును 2 లీటర్ల నుంచి లీటరుకు తగ్గించింది. ఎందుకంటే, ఎక్కువ ఎక్కించి బీపీ పెంచితే అప్పుడప్పుడే కట్టిన గడ్డ ఊడుతుంది, చల్లటి నీళ్లు ఒళ్లు చల్లబరుస్తాయి, గడ్డకట్టే పదార్థాలు పలచబడతాయి. సెలైన్‌లోని క్లోరైడ్ లీటరుకు 154 మిల్లీమోల్‌లు, మన రక్తంలోది వంద చిల్లర, అది ఎక్కువైతే ఒంట్లో ఆమ్లం పెరగదా?

వెనక వరుసలోని 108 తమ్ముళ్లూ, ఇది మీకే. ట్రానెక్సా (కట్టిన రక్తపు గడ్డ కరగకుండా కాపాడే ట్రానెక్సామిక్ యాసిడ్) 1 గ్రాము, 10 నిమిషాల్లో, దెబ్బ తగిలిన 3 గంటల లోపే. ఈ మందు మీదే చేసిన 2010 నాటి క్రాష్-2 పరిశోధన లెక్కల్లో 3 గంటలు దాటాక ఇస్తే కీడే కనిపించింది. ఏటూరునాగారం నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు, దారిలోనే ఆ గడువు కరిగిపోతుంది. బయల్దేరే ముందే ఫోన్ చేస్తే రక్తం సిద్ధంగా ఉంటుంది. రక్తం ఎక్కే లైనులో ఆర్‌ఎల్ వద్దు, అందులోని కాల్షియం గడ్డ కట్టిస్తుంది. ఆ లైనులో మాత్రం సెలైనే వాడండి.

రెఫర్ చీటీలో 'ఫ్లూయిడ్లు ఇచ్చాం' అని రాస్తే మాకేం తెలుస్తుంది? ఏది, ఎన్ని ఎంఎల్, ఎన్ని గంటలకు? ట్రానెక్సా టైమ్ రాయండి. చీటీ పోతుందనుకుంటే టోర్నికే టైమ్ మార్కర్‌తో నుదుటి మీదే రాసి పంపండి.