యూనివర్సల్ జాయింట్ క్రాస్ మార్చేటప్పుడు యోక్ చెవులు వంగకుండా చూసుకోండిలా

నమస్తే అండి. బెంచ్ మీద ఉన్నది ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే గేర్‌బాక్స్ నుంచి చక్రాల వైపు శక్తిని తీసుకెళ్లే గొట్టం. దీని యూనివర్సల్ జాయింట్‌లో క్రాస్ మార్చబోతున్నాం. క్రాస్ అంటే ప్లస్ గుర్తులా నాలుగు కాళ్లున్న ముక్క, ఒక్కో కాలికి ఒక బేరింగ్ కప్పు తొడిగి ఉంటుంది. ఆ కప్పులు కూర్చునేది రెండు యోక్‌ల చెవుల్లో, అంటే రెండు వైపులా ఫోర్కుల్లా ఉండే భాగాల కొమ్ముల రంధ్రాల్లో. రివర్స్ నుంచి ముందు గేర్‌కి మార్చగానే కింద టక్కుమని చప్పుడొస్తుంటే, బేరింగ్ కప్పుల అంచుల్లో ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తుంటే ముందుగా అనుమానించాల్సింది ఈ క్రాస్‌నే.

చాలామంది దీన్ని సుత్తితో బాది తీసేస్తారు. క్రాస్ ఎలాగూ పారేసేదే, దానికేమైనా పర్లేదు, కానీ ఆ దెబ్బలకి యోక్ చెవి కాస్త వంగిందంటే కొత్త క్రాస్ మొదటి రోజు నుంచే బిగుసుకుని తిరుగుతుంది, త్వరగా పోతుంది. పైగా కప్పులు గట్టి స్టీలు, సుత్తి తగిలితే పెచ్చు ఎగిరి కంట్లో పడొచ్చు. అందుకే ముందు కళ్లద్దాలు పెట్టుకోండి.

విప్పకముందే పెయింట్ మార్కర్‌తో రెండు యోక్‌ల మీదా గుర్తు పెట్టండి. ఎలా ఉన్నది అలాగే తిరిగి కూర్చోకపోతే బ్యాలెన్స్ తేడా వచ్చి వైబ్రేషన్ మొదలవుతుంది. వైస్‌లో పట్టేటప్పుడు కూడా యోక్‌నే పట్టండి, గొట్టాన్ని కాదు, దాని గోడ పల్చన, నొక్కుకుపోతుంది.

కప్పులు బయటికి రాకుండా ఆపే రింగులు, అంటే సర్క్లిప్‌లు నాలుగూ తీశాక ఇక కావాల్సింది రెండు సాకెట్లు. ఒకటి కప్పు కంటే కొంచెం చిన్నది, రెండోది కప్పు దాని లోపలికి దిగిపోయేంత పెద్దది. చిన్నది ఈ కప్పు మీద, పెద్దది అటువైపు చెవికి ఆనించి వైస్ బిగిస్తూ పోతే అవతలి కప్పు పెద్ద సాకెట్‌లోకి వచ్చేస్తుంది. తరచూ ఈ పని చేసేవాళ్లయితే మాత్రం బాల్ జాయింట్లకి వాడే సీ ప్రెస్, అంటే C ఆకారంలో ఉండి స్క్రూతో నొక్కే పనిముట్టు, కొనుక్కోండి, షాఫ్ట్ ఎటు తిరిగి ఉన్నా పని నడుస్తుంది. తుప్పుతో మొండికేస్తే చొచ్చుకుపోయే ఆయిల్ కొట్టి కాసేపు వదిలేయండి. అసలు సర్క్లిప్పే కనిపించకపోతే ప్లాస్టిక్ పోసి బిగించిన రకం కావచ్చు, దాన్ని ముందు వేడి చేసి ఆ ప్లాస్టిక్ కరిగించాకే నొక్కాలి.

బిగించేటప్పుడే అసలు జాగ్రత్త. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నాను, కప్పులో గోడ చుట్టూ సూదుల్లా నిలబడి ఉన్నాయి కదా, ఇవే నీడిల్ రోలర్లు. వీటిని గ్రీజే పట్టుకుని ఉంచుతుంది. కప్పు నొక్కుతున్నంతసేపూ క్రాస్ కాలిని ఆ కప్పులోకి జరిపి ఉంచండి, రోలర్లు పడిపోవు. ఒక్కటి పడి అడుగున అడ్డం తిరిగినా కప్పు పూర్తిగా దిగదు, సర్క్లిప్ గాడి సగమే కనిపిస్తుంది. అక్కడ ఇంకొంచెం బిగిద్దాం అనిపిస్తుంది, వద్దు, ఆపేసి కప్పు బయటికి తీసి చూడండి.

నాలుగు సర్క్లిప్‌లూ గాడిలో పూర్తిగా కూర్చున్నాక జాయింట్‌ని చేత్తో అన్ని వైపులా ఆడించండి. ఎక్కడైనా పట్టేస్తుంటే ఇత్తడి సుత్తితో యోక్ చెవి మీద మెల్లగా ఒకటి తట్టండి, కప్పు వెనక్కి జరిగి సర్క్లిప్‌కి ఆనుకుంటుంది, బిగుతు వదులుతుంది. గ్రీజు నిపుల్ ఉన్న క్రాస్ అయితే గన్‌తో నెమ్మదిగా పంప్ చేయండి, నాలుగు సీళ్ల దగ్గరా కొత్త గ్రీజు కనిపించేదాకా. మూడు వైపులే వచ్చి ఒకవైపు రాకపోతే జాయింట్‌ని అటూఇటూ ఆడిస్తూ మళ్లీ పంప్ చేయండి, నాలుగోది కూడా వచ్చాకే షాఫ్ట్‌ని బండికి ఎక్కించండి.